బుట్టపేరు

పత్రిక వచ్చి రొయ్యల తట్టలో పడింది.

“చదువు,” అన్నాడు బబ్బా. “గట్టిగా, అందరికీ వినబడేట్టు చదువు. నువ్వు రాసిందేగా!”

సెలెస్టీన్ దాన్ని పైకి తీసి, నీళ్ళు కారుతున్న పేజీని మోచేత్తో తుడిచింది. పేజీ మీద తన ఫోటో నవ్వుతోంది. త్వరలో రాబోయే పుస్తకంలోంచి ఒక అధ్యాయం, మొన్ననే అచ్చయింది. ఈ దీవిలో ఇలాంటి పత్రికలు చదివేవాళ్ళెవరున్నారులే అని ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉంది.

“ఎవడో బయటివాడు చదివాడే అక్కా! పొద్దున నేను మంచుగడ్డల కోసం అంగడికి వెళ్తే, గల్లాపెట్టె దగ్గర నిలబడి అడుగుతున్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఇదే పత్రిక. ‘ఇక్కడ కూటా అంటే ఎవరండీ?’ అని.”

హేగర్ చేతిలోని రొయ్య అలాగే ఉండిపోయింది. బబ్బాని కన్నది, తల్లి పోయాక సెలెస్టీన్‌ని పెంచింది కూడా ఈ పెద్దమ్మే.

“ఎవరు చెప్పారు?” అంది.

“ఎవరేంటమ్మా, అందరూ! గల్లాపెట్టె ముసలమ్మ అయితే ముసిముసిగా నవ్వుతూ, ‘కూటానా, మన హేగర్ అన్నయ్య కదూ, మంచివాడు, పోయాడు పాపం’ అని ఇంటి దారి కూడా చెప్పింది. ఏ చింతా లేకుండా చెప్పింది.”

“తెల్లవాడేనా?”

“ఇంకెవడు?”

హేగర్ రొయ్యని తట్టలోకి విసిరేసింది. “తెల్లవాడి నోట మా అన్న బుట్టపేరు! మా అమ్మ వింటే గోరీలోంచి లేచొచ్చేది.”

ఆ నల్లవాళ్ళ దీవిలో ప్రతి మనిషికీ రెండు పేర్లు. బడికీ కోర్టుకీ పనికొచ్చేది కాగితం పేరు. బుట్టలో పడుకోబెట్టే పసితనంలో ఇంటివాళ్ళు పెట్టుకుని, చచ్చేదాకా పిలుచుకునేది బుట్టపేరు. ఎజ్‌కీల్ ఫ్రిప్ అనే పిల్లాడికి నడక ఆలస్యంగా వచ్చిందని కూటా అన్నారు, అంటే తాబేలు. బయట ఇన్ని పుస్తకాలు రాసిన సెలెస్టీన్ ఈ వంటింట్లో ఒట్టి మిన్నా. బబ్బా కాగితం పేరేమిటో అతని భార్యకి పెళ్ళినాడు ఫాదిరీ పిలిస్తేగాని తెలియలేదు.

“నేను కాగితం పేరు రాయలేదు కదా పెద్దమ్మా!” అంది సెలెస్టీన్. “కావాలనే రాయలేదు. పుస్తకమంతా బుట్టపేర్లే వాడాను. మామయ్య ఎవరో బయటివాళ్ళు పట్టుకోకూడదనే అలా చేశాను.”

హేగర్ నవ్వింది. ఆ నవ్వు వినడం కంటే రెండు దెబ్బలు తినడం నయం.

“కాగితం పేరు రాసుంటే ఈ దీవిలో ఒక్కడికీ తెలిసేది కాదే మొద్దూ! ఎజ్‌కీల్ ఫ్రిప్ ఎవరంటే నేనే కాసేపు ఆలోచించుకుంటాను. నువ్వు దాచి పెట్టానన్నది గుమ్మానికి వేలాడదీసిన దీపం. చదువుకున్నదానివి, ఇంతకంటే తెలివి ఉండాల్సింది.”

నిజమే. పుస్తకం రాస్తున్నన్నాళ్ళూ సెలెస్టీన్ కళ్ళముందు ఉన్నది ఎక్కడో పెద్ద ఊళ్ళలో కూర్చుని చదివే జనం. వాళ్ళనుంచి ఇంటిని కాపాడాలనుకుంది. ఇంటివాళ్ళనుంచి ఇంటిని కాపాడాలన్న ఆలోచనే రాలేదు.

“పోయిన మామయ్యతో వాడికేం పని?” అంది చివరికి, జవాబు తెలిసే.

“మామయ్యతో కాదు,” అన్నాడు బబ్బా. గొంతు తగ్గించి వరండా వైపు చూశాడు. “మామయ్యకి న్యూఆర్క్‌లో ఒక కూతురుందని రాశావు చూడు. ఆవిడతో పని.”

వరండాలో వష్టి చిక్కుళ్ళు వలుస్తోంది. కూటా భార్య. ఆయన పోయాక హేగర్ దగ్గరే ఉండిపోయిన ముసలావిడ. గింజలు గిన్నెలో పడుతున్న టపటప చప్పుడు వంటింట్లోకి వినబడుతోంది. ఆ చప్పుడు ఆగనంతసేపూ ఇక్కడి మాటలు అక్కడికి వినబడనట్టే అని ముగ్గురూ అనుకుంటున్నారు.

వాళ్ళ ఇళ్ళున్న నేల కథ ఆ ఇంట్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. బానిసతనంలోంచి బయటపడ్డ ముత్తాత చెమటోడ్చి కొన్నాడు. వీలునామా రాయలేదు. ఆ కాలపు కోర్టుని నమ్మి వీలునామా ఇచ్చే నల్లవాడెవడు? అప్పట్నుంచి పంపకాలు లేవు. వంశంలో పుట్టిన ప్రతి బిడ్డకీ వాటా ఉంది, ఏ మూల ఎంతో ఎవరికీ తెలియదు. బయటివాడు ఒక్క వారసుడి వాటా కొన్నా చాలు, కోర్టుకెక్కి మొత్తం వేలానికి పెట్టించగలడు. ఉప్పుటేరు అవతల గ్యాడ్సన్ వాళ్ళ నేల అలాగే పోయింది. ఇప్పుడక్కడ గోల్ఫ్ ఆడుతున్నారు. తమ పెద్దల గోరీల మీద పూలు పెట్టాలంటే గ్యాడ్సన్లు గేటు దగ్గర కాపలావాణ్ణి బతిమాలుకోవాలి.

“ఈ నేల మీద పుట్టినవాళ్ళెవరూ అమ్మరు అక్కా,” అన్నాడు బబ్బా. “అందరి సంగతీ మనకి తెలుసు. వాడు వెతుకుతున్నది మనకి తెలియనివాళ్ళని, మనమంటే పడనివాళ్ళని. అలాంటావిడ ఒకర్తి ఉందని, ఫలానా ఊళ్ళో ఉందని, పేరు ఫలానా అని రాసిపెట్టావు. నా పెళ్ళాం పిల్లలు పడుకునే ఇల్లు ఆ నేల మీదే ఉంది. తుఫానుకి ఎగిరిపోతే మళ్ళీ కట్టుకున్నా. ఇప్పుడు నీ రాతకి ఎగిరిపోతే ఎక్కడ కట్టుకోను?”

“ఆల్థియా వదిన అలాంటిది కాదు,” అంది సెలెస్టీన్.

అనకుండా ఉండవలసింది.

“ఏమన్నావు?” హేగర్ కుర్చీ వెనక్కి జరిపింది. “వదినా? వరసలు కూడా కలిపేశావా?”

“మామయ్య కూతుర్ని వదిన అనక ఏమంటారు?”

“మా అన్న చచ్చేముందు ఒక్కసారి చెప్పాడా, నాకో కూతురుందని?”

“చెప్పలేదు. అందుకే రాశాను!” సెలెస్టీన్ గొంతు పెరిగింది. “నువ్వు చూడలేదు పెద్దమ్మా. న్యూఆర్క్‌లో నేను మాట్లాడిన సభ అయ్యాక అందరూ వెళ్ళిపోయేదాకా ఓ మూల నిలబడింది. దగ్గరికొచ్చి నవ్వింది. మామయ్య పళ్ళ సందు, మామయ్య బుగ్గలు. నాకు నోట మాట రాలేదు. ‘అమ్మ మీ దీవిలో గుల్లలు ఒలిచే ఫ్యాక్టరీలో మీ మామయ్యతో కలిసి పనిచేసింది, కడుపుతో ఉండగా ఉత్తరానికి పంపేశారు’ అని చెప్పింది. ‘పుట్టినప్పట్నుంచీ నన్ను దాచారు, ఇంక దాచకు, నా పేరు పూర్తిగా వెయ్యి’ అని అడిగింది. అలా అడిగిన మనిషిని నేను కూడా దాచనా?”

“ఆవిణ్ణి అడిగావు. బాగుంది. మమ్మల్నెందుకు అడగలేదు?”

“మీరు వద్దంటారని.”

సెలెస్టీన్‌కి చెవులు వేడెక్కాయి. బతికున్నవాళ్ళ సంగతి వాళ్ళని అడక్కుండా రాయకూడదని అట్లాంటా కాలేజీలో పిల్లలకి ఏటా పాఠం చెబుతుంది. ఆ పాఠంలో ఉన్న బొక్క ఇప్పుడు ఇంత పెద్దగా కనబడుతోంది. అడిగితే సరేననే వాళ్ళని మాత్రమే అడిగింది తను.

“మన గురించి వాళ్ళు రాసిన అబద్ధాలు చాల్లేదా?” అంది హేగర్. “ఇప్పుడు నువ్వు మన నిజాలు కూడా ఏరి పళ్ళెంలో పెట్టి అందించాలా? చదివి అయ్యో పాపం అంటారు, పుస్తకం మూసి కాఫీ తాగుతారు. మేం ఆదివారం చర్చిలో తలెత్తుకుని కూర్చోవాలి.”

“మనం రాయకపోతే ఇంకెవడో రాస్తాడు. మన కథ మనం...”

“మన కథ మన కథ అనకు. అందులో నీ మొగుడున్నాడా?”

“ఏంటి?”

“నువ్వు వదిలేసి వచ్చిన మొగుడు. ఎందుకు వదిలేశావో, ఆ ఏడాదంతా ఈ ఇంట్లో పడుకుని ఎలా ఏడ్చావో. అది ఏ పేజీలో ఉందో చెప్పు, చదువుకుంటా.”

“అది వేరే పెద్దమ్మా. అది నా సొంత విషయం.”

“ఓహో! నీదైతే సొంత విషయం. మా అన్నయ్యదైతే సాహిత్యం.”

బబ్బా తల దించుకున్నాడు. అక్క మీద ఎంత కోపంగా ఉన్నా, ఆ దెబ్బ అతనికీ తగిలింది. సెలెస్టీన్ పత్రికని మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది. ఏడుపొస్తోంది. ఏడిస్తే పెద్దమ్మ దగ్గరికి తీసుకుంటుందని తెలుసు కాబట్టే ఏడవకూడదనుకుంది. ఈ మాట మీద జాలి సంపాదించుకోవడం సిగ్గుచేటు.

“ఇప్పుడు ఏం చెయ్యమంటారు?” అంది.

బబ్బా ముందుకి వంగాడు. ఈ ప్రశ్న కోసమే పొద్దున్నుంచీ తిరుగుతున్నాడని తెలిసిపోతోంది. “ఆవిడ పుట్టిన కాగితంలో తండ్రి పేరు లేదని నువ్వే రాశావు. అంటే ఆవిడ కూటా కూతురని చెప్పే రాత లోకంలో ఒక్కటే ఉంది, అది నీది. పుస్తకంలోంచి తీసెయ్యి. ‘ఆ భాగం నిజం కాదు, పొరపాటు పడ్డాను’ అని పత్రికకి ఒక్క ముక్క రాయి. అంతే. వాడు కొనడానికి ఏమీ మిగలదు.”

“నిజం కాదని రాయాలా?”

“ఒక్క ముక్కే.”

“బబ్బా, నేను రాసేది కట్టుకథలు కాదు. ఒక్క ముక్క అబద్ధమని నా చేత్తో నేనే రాస్తే, మిగతాదంతా ఎవరు నమ్ముతారు? గ్యాడ్సన్ల నేల ఎలా పోయిందో అందులోనే ఉంది. ముత్తాత ఎలా కొన్నాడో అందులోనే ఉంది. అవన్నీ కూడా పొరపాటే అంటారు.”

“అననీ! నేల ఉంటుంది కదా!”

“ఆవిడకి ఏం చెప్పను? నువ్వు లేవు, నేను కలగన్నాను అని చెప్పనా?”

“ఆవిడకి ఉద్యోగం ఉంది, ఇల్లు ఉంది. మాకిది తప్ప ఏముంది?” అన్నాడు బబ్బా. “నీకు అట్లాంటా ఉంది కదా అక్కా. నువ్వు రాసి వెళ్ళిపోతావు. రాసిందాంట్లో మేం కాపురం ఉండాలి.”

సెలెస్టీన్ పత్రికని బల్ల మీద పెట్టేసింది.

అప్పుడు గమనించారు ముగ్గురూ. వరండాలో చిక్కుడు గింజల చప్పుడు ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియదు.

వష్టి తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. గింజల గిన్నె పొయ్యి పక్కన పెట్టింది. చేతులు కడుక్కుంది. తట్ట ముందు ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని రొయ్య తీసి తల తుంచింది. ఇంకోటి తీసింది. ఎవరి ముఖం వంకా చూడలేదు.

“వదినా, వేడిగా ఉంది, బయటే కూర్చోకపోయావా,” అంది హేగర్.

“రొయ్యలు పాడైపోతున్నాయి. మీ ముగ్గురికీ మాటలే సరిపోతున్నాయి.”

బబ్బా గోడనున్న క్యాలెండర్ చూస్తున్నాడు. హేగర్ కూడా రొయ్యలు అందుకుంది. తలలు ఒక గిన్నెలోకి, రొయ్యలు ఒక గిన్నెలోకి పడుతున్నాయి. సెలెస్టీన్ మాత్రం అత్త చేతుల్నే చూస్తోంది.

“తీసేస్తాను,” అంది సెలెస్టీన్ హఠాత్తుగా. “ప్రచురణకర్తలు రేపటిదాకా మార్పులు చెయ్యొచ్చన్నారు. పుస్తకంలోంచి ఆ అధ్యాయం మొత్తం తీసేస్తాను. నిజం కాదని మాత్రం ఎక్కడా రాయను. అంతకంటే నా వల్ల కాదు.”

బబ్బా ఊపిరి వదిలాడు. “చాలు. అది చాలు. మిగతా సంగతి నేను చూసుకుంటా.”

“ఏది తీసేస్తున్నావు?” అంది వష్టి.

“ఏం లేదత్తా. పుస్తకంలో ఒక భాగం...”

“న్యూఆర్క్ పిల్లనా?”

హేగర్ వేలికి రొయ్య ముల్లు దిగింది. “అబ్బా!” అంటూ వేలు నోట్లో పెట్టుకుంది.

“నీకు... తెలుసా వదినా?”

“గుల్లల ఫ్యాక్టరీలో మీ అన్న ఒక్కడే పనిచేశాడనుకున్నావా? ఆ బల్ల చివర్న నేనూ ఉన్నాను. ఎవరు పని మానేశారో, ఎందుకు మానేశారో చూడలేనంత గుడ్డిదాన్ని కాదు.” ఇంకో రొయ్య తల తుంచింది. “నాకు తెలియదనుకుని మీరంతా గౌరవంగా గుసగుసలాడుకుంటున్నారు. పోనీలే, మీకది సుఖంగా ఉంది కదా అని ఊరుకున్నా.”

“అత్తా, నేను నిన్ను అడగవలసింది,” అంది సెలెస్టీన్. “నీకు కష్టం కలుగుతుందని అడగలేదు.”

“నాకు కష్టం కలుగుతుందని అడగలేదు. ఊరందరికీ అచ్చువేశావు.” గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయింది సెలెస్టీన్. “సరే. తీసేస్తున్నావుగా. తీసేస్తున్నట్టు ఆ పిల్లకి చెప్పావా?”

“చెబుతాను.”

“ఇప్పుడు చెప్పు. ఫోను ఇక్కడ పెట్టు, నాకు వినబడేట్టు.”

“అందరి ముందూనా? ఆవిడకి తెలియకుండా వినడం...”

“ఆ పిల్ల సంగతి లోకమంతా వినొచ్చు గానీ నేను వినకూడదా?”

సెలెస్టీన్ తడి చేతులు లంగాకి తుడుచుకుని ఫోను బల్ల మీద పెట్టింది. అందరూ వింటున్నారని ముందే చెప్పాలి అనుకుంది. అవతల ఒక్క మోతకే ఎత్తేసరికి చెప్పలేకపోయింది.

“సెలెస్టీన్! నీ ఫోను కోసమే చూస్తున్నా తల్లీ.”

బొంగురు గొంతు, నవ్వుతున్నట్టుండే గొంతు. హేగర్ ఉలిక్కిపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అన్న ఆడగొంతుతో మాట్లాడుతున్నట్టుంది ఆమెకి.

“వదినా, ఒక మాట చెప్పాలి,” అంది సెలెస్టీన్. “పుస్తకంలో... నీ అధ్యాయం ఉండదు. తీసేస్తున్నాను. నీ తప్పేం లేదు. ఇక్కడ ఇంట్లో కొన్ని ఇబ్బందులు...”

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

“వదినా?”

“ఉన్నాను.” నవ్వు పోయింది. “అంటే నువ్వు కూడా.”

“అలా కాదు...”

“ఇంకెలా? మా అమ్మ చెప్పేది, ‘వాళ్ళు మంచివాళ్ళేనమ్మా, కాకపోతే ఇబ్బందులు’ అని. అదే మాట వాడావు.” గొంతు తగ్గించింది. “నా ముందు గదిలో ఒకాయన కూర్చున్నాడు సెలెస్టీన్. కాగితాలు పట్టుకుని రెండు రోజులుగా వస్తున్నాడు, ఆయన జతగాడొకడు మీ దీవికి కూడా వెళ్ళాడట. నాకు అక్కడ నేలలో వాటా ఉందట, దాన్ని కొంటాడట. నేను కుర్చీ చూపించాను గానీ మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఎందుకో తెలుసా? నువ్వు ఫోను చేసి పుస్తకం అచ్చుకి వెళ్ళింది అంటావు, ఆయన ముఖం మీద చెబుదామనుకున్నా, ‘నేను ఆ ఇంటి పిల్లని, మా నేల మేం అమ్ముకోం’ అని. రెండు రోజుల్నుంచీ ఆ ఒక్క మాట అనాలని నోరు దురద పెడుతోంది నాకు.”

బబ్బా లేచి నిలబడ్డాడు.

“ఇప్పుడేమనను? ఎవరిదో నేల. నన్నెరగని వాళ్ళది. వాళ్ళు కాదన్నా ఫర్వాలేదు, కోర్టులో మేం తేల్చుకుంటాం, మీరు సంతకం పెడితే చాలు అంటున్నాడు ఈయన. ఈయనొక్కడే నేను కూటా కూతుర్నని నమ్మి గుమ్మం తొక్కాడు, తెలుసా!”

“సంతకం పెట్టకండి!” బబ్బా ఆగలేకపోయాడు. “మీకు దణ్ణం పెడతా, పెట్టకండి!”

“ఎవరది?” ఆల్థియా గొంతు గట్టిపడింది. “పక్కన మనుషులున్నారా? నన్ను తీసేస్తున్నానని చెప్పడానికి అందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని మరీ చేశావా?”

సెలెస్టీన్ ఫోను అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

వష్టి లేచింది. కొళాయి దగ్గరికి వెళ్ళి చేతులు శుభ్రంగా కడుక్కుంది, సబ్బుతో, వేళ్ళ సందుల్లో కూడా. తువ్వాలుతో తుడుచుకుంది. వచ్చి ఫోను రెండు చేతులతో ఎత్తి, నోటికి మరీ దగ్గరగా పెట్టుకుంది.

“ఎవరి పిల్లవమ్మా నువ్వు?” అంది.

హేగర్ కళ్ళు పెద్దవయ్యాయి. పన్నుల మనిషినీ, బీమా మనిషినీ, ఇస్త్రీ చొక్కాలవాళ్ళనీ ఈ ఇంట్లో ఎవరూ ఆ మాట అడగరు. లోపలికి రానిచ్చి కూర్చోబెట్టి అన్నం పెట్టదలచుకున్నవాళ్ళనే పెద్దవాళ్ళు గడప దగ్గర ఆపి అడుగుతారు, తెలిసినా అడుగుతారు.

అవతల ఊపిరి వినబడుతోంది. ఆ ఊపిరి వెనక నుంచి ఓ మగగొంతు, ఎంతో మర్యాదగా, “ఇదిగోండి మేడమ్, సంతకం ఇక్కడ,” అంది.

వష్టి ఫోను ఇంకా గట్టిగా పట్టుకుంది.

“నిన్నే అడుగుతున్నానే. ఎవరి పిల్లవి?”